పాత పెడల్ ఆర్గన్‌ని ఏం చేద్దాం? (గుంటూరు, తెనాలి వైపు ఆర్గనిస్టులు తప్పక చూడండి)

తొక్కుడుపెట్టె
సెప్టెంబర్ 3, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా చర్చి వెనక గదిలో ఒక పెడల్ ఆర్గన్ ఉంది. ఉంది అంటే, మడత కుర్చీలు, పాత క్రిస్మస్ నక్షత్రాలు, విరిగిన మైకు స్టాండు పెట్టుకోవడానికి ఉంది. మా నాన్న చిన్నప్పుడు మిషనరీ దొరసానిగారు వాయించేవారట. తర్వాత సన్‌డే స్కూల్ టీచరమ్మ ఒకావిడ చాలా ఏళ్లు వాయించారు. నాకు ఊహ తెలిశాక దాని గొంతు వినలేదు. మొన్న కమిటీలో "ఆ గది ఖాళీ చెయ్యాలి, పాత సామాన్లవాడు కర్రకీ ఇత్తడికీ కలిపి 3,000 ఇస్తానన్నాడు" అని తీర్మానం దాకా వచ్చింది. నేను చెయ్యెత్తి రెండు నెలల గడువు అడిగాను. ఇచ్చారు, నవ్వుతూనే ఇచ్చారు.

నేను ఆదివారం వాయించేది మామూలు కీబోర్డే. ఆర్గన్ లోపల ఏముంటుందో తెలియదు. నిన్న దుమ్ము దులిపి కూర్చుని తొక్కాను. తొక్కుళ్లు రెండూ బరువే లేకుండా దిగిపోతున్నాయి. ఒక మెట్టు (కీ) నొక్కితే ముసలాయన దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. బాగవుతుందా? ఎవరు చేస్తారు? బాగయ్యాక వాయించేవాళ్లు మన వైపు ఎవరైనా మిగిలారా?

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 3, రాత్రి 10:05

అన్నా, సెంటిమెంటు పక్కన పెట్టి చెప్తున్నా, ఏమీ అనుకోకు. ఇప్పుడొచ్చే కీబోర్డులో ఆర్గన్ టోన్లే బోలెడు. బ్యాగులో పెట్టుకుని బండి మీద వెళ్లిపోవచ్చు. మా అయ్యగారు పాట ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఎత్తుకునేదాకా ఆయనకే తెలియదు. ట్రాన్స్‌పోజ్ బటన్ లేకపోతే నా పని అయిపోయినట్టే. ఆ 3,000 తీసుకుని కీబోర్డుకి మంచి స్టాండు కొనండి.

ఆల్టో_అక్క
సెప్టెంబర్ 4, ఉదయం 6:15

అమ్మకండి. దయచేసి అమ్మకండి. వివరంగా సాయంత్రం రాస్తాను, స్కూలుకి టైమయింది.

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 2:30

తొక్కుడుపెట్టె బాబుకి ఆశీస్సులు. నాకిప్పుడు 71. పదమూడో ఏట బోర్డింగు స్కూల్లో పెడల్ ఆర్గన్ మీద నేర్చుకున్నాను. దాన్ని బోర్డింగు పిల్లలే తుడవాలి, వాయిస్తే మాత్రం దెబ్బలు. అలా తుడుస్తూ తుడుస్తూనే నేర్చుకున్నాను.

ముందు ఒక పరీక్ష చెయ్యి. మెట్లేవీ నొక్కకుండా, పైన ఉన్న గుండీలన్నీ లోపలికి తోసి, గట్టిగా పది సార్లు తొక్కు. కాళ్లు తీసేసి లోపలి తిత్తి ఎంతసేపట్లో మళ్లీ తెరుచుకుంటుందో లెక్కపెట్టు. నెమ్మదిగా తెరుచుకుంటే ప్రాణం ఉన్నట్టే. తొక్కుతుంటే అసలు బరువే తగలట్లేదంటున్నావు కాబట్టి తిత్తి గుడ్డ చిరిగి ఉంటుంది, లేదా ఎలుక కొట్టి ఉంటుంది. అది పెద్ద జబ్బు కాదు. లోపల ఇత్తడి రీడ్లు, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నటి రేకులు, ఉంటే చాలు, మిగతాదంతా బట్ట, తోలు, బంక.

తమ్ముడూ, అయ్యగారి శ్రుతి విషయం. పాట మొదలవకముందే ఒక వరస వాయించి శ్రుతి అందించాల్సింది నువ్వు. నువ్వు ఇవ్వకపోతే ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు?

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 2:41

మాస్టారూ, నేనిస్తాను. ఆయన వినరు. 😀

మేస్త్రి_కొడుకు
సెప్టెంబర్ 4, రాత్రి 8:20

నమస్తే అండి. నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు, స్నేహితుడు ఈ చర్చ లింకు పంపితే వచ్చాను. మాది తెనాలి. మా నాన్న నాటకాల హార్మోనియం పెట్టెలు బాగు చేస్తారు. పద్యనాటకాలు జోరుగా ఆడిన రోజుల్లో మా వరండాలో పెట్టెలు వరసలో ఉండేవట. ఇప్పుడు వాటిలో సగం పైగా చర్చిలవీ, భజన మందిరాలవీ.

పెడల్ ఆర్గన్ నాన్న నాలుగైదు చూశారు. ఆయన చెప్పిందే రాస్తున్నా. మన చేతి హార్మోనియంలో తిత్తి గాలిని రీడ్ల మీదికి నెడుతుంది. అమెరికాలో చేసిన పెడల్ ఆర్గన్లు దీనికి తలకిందులు. తిత్తి గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ పీల్పుకి గదిలో గాలి రీడ్ల గుండా లోపలికి వెళ్తుంది. అందుకే గదిలో దుమ్మంతా వచ్చి రీడ్ల సందుల్లోనే కూర్చుంటుంది. మెట్టు పలకడం లేదంటే పది కేసుల్లో ఎనిమిది దుమ్మే అంటారు నాన్న. రీడ్ చివర చిన్న గాడి ఉంటుంది, కొక్కెం లాంటి పనిముట్టుతో లాగితే జారుకుంటూ బయటికొస్తుంది. మెత్తటి బ్రష్‌తో తుడిచి అదే గూటిలో పెట్టాలి. రెండు రీడ్లు తారుమారయ్యాయో, ఇక దేవుడే దిక్కు. కాబట్టి తీసేటప్పుడే చాక్‌పీసుతో నంబర్లు వేసుకోవాలి.

శ్రుతి తప్పిన రీడ్‌ని కొనవైపు కొంచెం గీకితే స్వరం పైకి వెళ్తుంది, మొదలువైపు గీకితే కిందికి వస్తుంది. ఇది మాత్రం మీరు చెయ్యొద్దు. గీకింది మళ్లీ అతకదు.

ఇంకో మాట, దయచేసి ప్లాస్టిక్ టేపు వెయ్యకండి. నాన్నకి గుండెపోటు వచ్చినా ఎలుక బొక్కలు చూసి రాదు, టేపు చూసే వస్తుంది.

తొక్కుడుపెట్టె
సెప్టెంబర్ 4, రాత్రి 9:02

టేపు వేసి ఉంది. నేను కాదు. ఎవరో ఎప్పుడో.

మేస్త్రి_కొడుకు
సెప్టెంబర్ 4, రాత్రి 9:04

నాన్నకి చెప్పనులెండి. వచ్చినప్పుడు ఆయనే చూస్తారు.

ఆల్టో_అక్క
సెప్టెంబర్ 4, రాత్రి 10:10

ఇప్పటికి కుదిరింది. నేను గుంటూరులో ఒక లూథరన్ సంఘంలో క్వయర్ నడుపుతాను. గుంటూరు, తెనాలి, చీరాల చుట్టుపక్కల చర్చిల్లో వాయించేవాళ్లం పదకొండు మందిమి రెండో శనివారం సాయంత్రం ఒకచోట కలుస్తున్నాం. సంస్థ కాదు, పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, కోశాధికారి లేడు కాబట్టి గొడవలూ లేవు. టీ ఎవరి ఇంట్లో అయితే వాళ్లదే.

మొదలైంది అవసరం కొద్దీ. మాలో ఒకాయన ఆదివారం ఉదయం 6:30కి ఒక ఊళ్లో, 9:30కి ఇంకో ఊళ్లో, సాయంత్రం మూడో చోట వాయించేవాడు. గుడ్ ఫ్రైడేనాడు పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన, ఆ మూడు గంటలూ ఒక్కడే. ఓసారి ఆయనకి టైఫాయిడ్ వచ్చింది, మూడు చర్చిలూ ఒకేసారి మూగబోయాయి. అప్పుడు అనిపించింది, ఒకరికొకరం తెలిసి ఉండాలని. ఇప్పుడు వాట్సాప్‌లో జాబితా ఉంది. ఎవరికి కుదరకపోయినా శుక్రవారం రాత్రికల్లా చెప్తే ఎవరో ఒకరు వెళ్తారు.

కలిసినప్పుడు చేసే పని ఒక్కటే: తలా రెండు పాటలు వాయించాలి, మిగతావాళ్లు సంఘంలా పాడాలి. పాడేవాళ్లు కావాలనే సాగదీస్తారు. వాయించేవాడు బండిని లాక్కుపోగలడా లేదా అన్నదే పరీక్ష. నవ్వి నవ్వి చస్తాం.

బాబూ, మీ ఆర్గన్ చూడటానికి ఈసారి మీ ఊరే వస్తాం. ఎక్కువమంది మగపిల్లలు, ఆకలి మీద ఉంటారు, చూసుకోండి.

కోశాధికారి_గోడు
సెప్టెంబర్ 5, ఉదయం 11:20

నేనూ ఒక కమిటీలో ఉన్నవాణ్ణే, ఆ వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. కమిటీలు రాక్షసులు కావు. పైకప్పు కారుతోంది, జనరేటర్ రిపేరు, వాచ్‌మన్ జీతం. పైగా ప్రతి ఏడూ ఎవరో ఒక కుర్రాడు "ఈ కీబోర్డు పాతబడిపోయింది, కొత్తది కావాలి" అని వస్తాడు. కొనిస్తాం. రెండేళ్లకి అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. కీబోర్డు బీరువాలో పడుంటుంది, అడాప్టర్ కనపడదు. ఇప్పుడు ఆర్గన్ బాగుచేయించినా రేపు వాయించేవాడు ఉంటాడని ఎవరు పూచీ?

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబర్ 5, మధ్యాహ్నం 3:00

ఈయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దీనికి నా దగ్గర జవాబు లేదు.

డాలస్_బెంచి
సెప్టెంబర్ 5, రాత్రి 11:48

అమెరికా నుంచి. మాది నరసరావుపేట వైపు, ఇరవై ఏళ్లుగా టెక్సస్. పగలు సాఫ్ట్‌వేర్, ఆదివారం ఆర్గన్. ఇక్కడ అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ అని ఒక సంఘం ఉంది, 1896లో న్యూయార్క్‌లో మొదలైంది, దేశమంతా స్థానిక శాఖలున్నాయి. నేను మా ఊరి శాఖలో సభ్యుణ్ణి. కాథలిక్కులు, మెథడిస్టులు, యూదుల ప్రార్థనా మందిరాల్లో వాయించేవాళ్లు, ఏ గుడికీ వెళ్లకుండా ఆర్గన్ మీద పిచ్చితో వచ్చేవాళ్లు, అందరూ ఉంటారు.

ఆల్టో_అక్కగారు చెప్పింది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే మా శాఖ చేసేదీ దాదాపు అదే. కుదరని ఆదివారానికి బదులు వెళ్లేవాళ్ల జాబితా ఒకటి పెట్టుకుంటాం. ఏడాదికోసారి "ఆర్గన్ క్రాల్" అని ఒక శనివారం బస్సులో నాలుగైదు చర్చిలు తిరుగుతాం. ప్రతి చోటా అక్కడి ఆర్గనిస్టు తన వాద్యం గుట్టంతా విప్పి చూపిస్తాడు, తర్వాత అందరం వరసలో నిలబడి తలా ఐదు నిమిషాలు వాయిస్తాం. పిల్లల కోసం వేసవి శిబిరాలుంటాయి. సంఘగానానికి సరిపడా వాయించడం వచ్చిందని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష మొదలుకుని ఫెలోషిప్ దాకా మెట్లు మెట్లుగా పరీక్షలుంటాయి.

తేడా ఒకటుంది. ఇక్కడ ఆర్గనిస్టు పనికి జీతం ఉంటుంది, కాగితం మీద ఒప్పందం ఉంటుంది. పెళ్లివాళ్లు బయటి ఆర్గనిస్టుని తెచ్చుకున్నా, ఆ చర్చి సొంత ఆర్గనిస్టుకి కొంత ముట్టాలని చాలా ఒప్పందాల్లో రాసుకుంటారు. దాన్ని బెంచి ఫీజు అంటారు. నా పేరు అక్కడి నుంచి వచ్చిందే. కోశాధికారిగారూ, కుర్రాడు బెంగళూరు పోవడానికి కారణం మీకు తెలుసు, నేనేమీ అనను.

కోశాధికారి_గోడు
సెప్టెంబర్ 6, ఉదయం 7:30

అన్నట్టే ఉంది.

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 6, ఉదయం 7:52

బెంచి ఫీజా!! మాకు పెళ్లికి వాయిస్తే బిర్యానీ, ఒక ప్లాస్టిక్ కవరులో కేకు ముక్క. ఒకసారి 500 ఇచ్చారు, దాన్ని కూడా "కానుకలో వెయ్యి బాబూ, దీవెన" అన్నారు. వేశాను కూడా.

ఆల్టో_అక్క
సెప్టెంబర్ 6, సాయంత్రం 5:15

జీతం అనగానే మన దగ్గర "దేవుని సేవకి వెల కడతారా" అంటారు. సౌండ్ సిస్టమ్ వాడికి మాత్రం అడ్వాన్స్ కూడా ఇస్తారు. మా పదకొండు మందిలో నెలనెలా ఏదైనా అందేది నలుగురికి. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడే ఆపేస్తాను.

గ్రేడ్5_మెదక్
సెప్టెంబర్ 7, రాత్రి 9:15

హాయ్ అందరికీ. నేను ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల ఎలక్ట్రానిక్ కీబోర్డ్ గ్రేడ్ 5 పాసయ్యాను, ఇప్పుడు ఆర్గన్ నేర్చుకోవాలని ఉంది. కానీ కాళ్లతో వాయించే పెడల్‌బోర్డు ఉన్న ఆర్గన్ నాకు దగ్గరలో ఎక్కడా దొరకలే. ప్రస్తుతానికి లాప్‌టాప్‌లో గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, కీబోర్డు కేబుల్‌తో కలిపి వాయిస్తున్నా. నిజమైన పైపుల శబ్దాన్ని ఒక్కో స్వరం రికార్డు చేసి పెట్టిన సెట్లుంటాయి దానికి. హెడ్‌ఫోన్స్‌లో మస్తుగుంటది. అమ్మ మాత్రం "సైలెంటుగా కూర్చుని చేతులు ఊపుతోంది" అని చుట్టాలకి చెప్తోంది.

ఒక డౌటు. తొక్కుడుపెట్టె అన్న వాళ్ల ఆర్గన్, పైప్ ఆర్గన్ ఒకటేనా? మా వాళ్లు మెదక్ చర్చి గురించి మాట్లాడుతూ రెంటినీ కలిపేస్తుంటారు.

డాలస్_బెంచి
సెప్టెంబర్ 7, రాత్రి 11:30

ఒకటి కాదమ్మా. పెడల్ ఆర్గన్ హార్మోనియానికి అక్క. శబ్దం రీడ్ నుంచి వస్తుంది, తొక్కేది గాలి కోసం మాత్రమే. పైప్ ఆర్గన్‌లో శబ్దం గొట్టాల్లోంచి, ఒక రకంగా పెద్ద పిల్లనగ్రోవుల మంద. అక్కడ కాళ్ల కింద ఉండేవి కూడా మెట్లే, మామూలుగా 32 ఉంటాయి, వాటితో మంద్ర స్వరాలు వాయిస్తాం. గాలికి ఇప్పుడు మోటారు, పూర్వం వెనక ఒక మనిషి నిలబడి తిత్తులు తొక్కేవాడు.

గుండీల మీద 8, 16, 4 అని అంకెలు చూస్తావు. అడుగుల లెక్క అది. 8 అంటే నొక్కిన స్వరమే పలుకుతుంది. ఆ వరసలో అన్నిటికన్నా కింది 'సి' గొట్టం ఎనిమిది అడుగుల చిల్లర పొడవుంటుంది కాబట్టి ఆ పేరు. 16 ఒక స్థాయి కిందికి, 4 ఒక స్థాయి పైకి. పెడల్ ఆర్గన్‌లో గొట్టాలు లేకపోయినా అవే అంకెలు రాస్తారు, మర్యాద కోసం.

చెన్నై వెళ్తే ఎగ్మోర్ స్టేషన్ దగ్గర సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌కి వెళ్లు, అక్కడ పైప్ ఆర్గన్ ఉంది. కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఉన్నది ఇంగ్లండులో పేరున్న విల్లిస్ వాళ్లు చేసింది.

ఇంకో సంగతి. ఇక్కడ పెడల్‌బోర్డుకి పలచటి అట్ట, మెత్తటి తోలు ఉన్న ప్రత్యేకమైన బూట్లు వేసుకుంటాం. మొదటి క్లాసుకి నేను మన అలవాటు ప్రకారం బూట్లు గుమ్మం దగ్గర విడిచి వెళ్లాను. టీచరు నా సాక్సు వైపు చూసి "ఇది జపానా?" అంది.

గ్రేడ్5_మెదక్
సెప్టెంబర్ 8, ఉదయం 8:00

థాంక్యూ అంకుల్! మరి చర్చి పెద్దదైతే పాట ఎందుకు వెనకబడుతుంది? మెదక్‌లో క్రిస్మస్‌కి వెనక కూర్చుంటే ముందువాళ్లు ఒక పదం, మేమొక పదం.

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబర్ 8, సాయంత్రం 4:20

ఇది నాకిష్టమైన విషయం, కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మా, మెదక్ చర్చి పొడవు 200 అడుగులు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది, మిషనరీ పోస్నెట్ దొరగారి కాలంలో. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి 60 మీటర్లు, అంటే దాదాపు సెకనులో ఐదో వంతు. వెనక బెంచీవాడు పాటని ఐదో వంతు ఆలస్యంగా విని, విన్నాక పాడతాడు. ఆ గొంతు తిరిగి నీ దగ్గరికి రావడానికి ఇంకో ఐదో వంతు. నువ్వు అది విని "అయ్యో, వెనకబడ్డారు" అని ఆగావంటే, నీ కోసం వాళ్లు ఇంకా ఆగుతారు. అలా నాలుగు చరణాలయ్యేసరికి స్తుతి పాట కాస్తా సమాధుల తోటకి నడిచే పాటలా తయారవుతుంది. కాబట్టి వాయించేవాడు వెనక గొంతుల్ని నమ్మకూడదు, తన లోపలి లయనే నమ్మాలి.

ఆగాల్సిన చోటు ఒకటుంది. పంక్తి చివర జనం ఊపిరి తీసుకుంటారు. అక్కడ వేళ్లు పైకెత్తాలి, నువ్వూ ఊపిరి తీసుకోవాలి. ఇప్పటి కుర్రాళ్లు సస్టెయిన్ పెడల్ నొక్కి పెట్టి, పంక్తికీ పంక్తికీ మధ్య గోడే లేకుండా వాయిస్తున్నారు. ముసలమ్మలకి ఊపిరాడక పాట మానేస్తున్నారు. నిజంగానే అంటున్నాను.

ఇక కీర్తనలు. మన పాత పాటల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. ఎంతమంది చూస్తున్నారు? పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) వంటివారు కట్టిన పాటలకి కింద మూడేసి స్వరాలు ఒకేసారి నొక్కే కార్డులు పేర్చేస్తే ఎలా? శంకరాభరణం అయితే సరే, దొరల మేజర్ స్కేలూ అదే కాబట్టి కార్డులు ఒప్పుకుంటుంది. ఆనందభైరవి ఒప్పుకోదు. అక్కడ స్వరం నిలబడదు, ఊగుతుంది. మెట్ల వాద్యంలో ఊగించలేం. మా గురువుగారు చెప్పిన ఉపాయం: ఎడమ చేత్తో షడ్జమం, పంచమం పట్టి వదిలెయ్, కుడిచేత్తో పాట వరస మాత్రం నడుపు, గమకం సంఘం గొంతులో ఉంది, దానికి అడ్డు తగలకు. ఆర్గన్‌లో ఆ స-ప ఎంత సేపైనా నిండుగా నిలుస్తుంది.

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 8, సాయంత్రం 6:45

మాస్టారూ, సస్టెయిన్ విషయంలో తప్పు ఒప్పుకుంటున్నా. కానీ తాళం సంగతి మీరు చెప్పాలి. త్రిపుట అని రాసిన పాటకి నా కీబోర్డులో రిథమ్ లేదు. నాలుగు దెబ్బలవి వందున్నాయి, ఏడుది లేదు. 4/4 పెడితే మూడో పంక్తికి ఎవరి దారి వాళ్లది.

ఒంగోలు_మాస్టారు
సెప్టెంబర్ 8, సాయంత్రం 7:10

రిథమ్ ఆపెయ్. మూడు, రెండు, రెండు. కాలితో కొట్టుకో. మీ డోలక్ అబ్బాయిని అడుగు, వాడికి తెలిసే ఉంటుంది, నువ్వే వాణ్ణి మెషీన్‌తో నోరు మూయించావు.

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 8, సాయంత్రం 7:12

అడిగా. వాడికి తెలుసట. "రెండేళ్ల నుంచి చెప్తున్నా" అంటున్నాడు. 🙏

ఆల్టో_అక్క
సెప్టెంబర్ 8, రాత్రి 9:30

తమ్ముణ్ణి మరీ ఏడిపించకండి మాస్టారూ. ఆర్గనిస్టుని పెద్దలు తిట్టడం కొత్త కాదు. మా లూథరన్ల పెద్దాయన, జర్మన్ సంగీతకర్త బాక్‌నే తిట్టారు. 1705లో ఆర్న్‌స్టాట్ అనే ఊళ్లో కుర్ర ఆర్గనిస్టుగా ఉన్నప్పుడు, బుక్స్టెహుడే అనే పేరున్న ఆర్గనిస్టు వాయించేది వినాలని లూబెక్‌కి 400 కిలోమీటర్ల దూరం నడిచి వెళ్లాడు. నాలుగు వారాలు సెలవడిగి దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. వెనక్కి రాగానే కమిటీ పిలిచి, పాటలో ఏవేవో వింత స్వరాలు కలుపుతున్నావు, జనం తికమకపడుతున్నారు అని మందలించింది. వాయించేది మరీ పొడుగైందని అంతకుముందే చెప్పారట, దాంతో అతను మరీ పొట్టిగా వాయించడం మొదలెట్టాడట. అదీ రాసి ఉంది కమిటీ చిట్టాలో. ఏ కమిటీకైనా నచ్చే పొడుగు ఒకటుందంటారా?

కోశాధికారి_గోడు
సెప్టెంబర్ 8, రాత్రి 9:58

నాలుగు నెలలు రాకపోతే మేమూ అడుగుతాం అమ్మా.

మేస్త్రి_కొడుకు
సెప్టెంబర్ 9, ఉదయం 10:00

మాస్టారు గమకం గురించి రాసింది నాన్నకి చదివి వినిపించాను. హార్మోనియం మీద ఈ నింద పాతదేనట. స్వరం ఊగదన్న కారణంతో ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని లోపలికి రానివ్వలేదు. "రేడియో వద్దంది, నాటకం వద్దనలేదు, చర్చి వద్దనలేదు. అందుకే మన వరండా నిండింది" అన్నారు.

రెండో శనివారం నాన్న వస్తామన్నారు. బస్సు ఛార్జీ చాలట. పీల్చే రకం ఆర్గన్ చూసి చాలా ఏళ్లయిందట, చూడాలని ఉందట.

తొక్కుడుపెట్టె
సెప్టెంబర్ 14, రాత్రి 10:30

నిన్నటి సంగతి. పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు, మేస్త్రిగారు వచ్చారు, కమిటీ నుంచి ఇద్దరు "ఊరికే చూద్దామని" వచ్చారు.

మేస్త్రిగారు చెప్పులు విడిచి, ఆర్గన్‌కి దణ్ణం పెట్టి, వెనక చెక్క విప్పారు. టేపు చూశారు. ఏమీ అనలేదు, ఒక్కసారి నా వైపు చూశారు. ఎలుక గూడు, అందులో 1990ల నాటి పెండ్లి శుభలేఖ ముక్కలు. తిత్తి గుడ్డ మడతల దగ్గర ఎండి పొడిపొడిగా రాలిపోతోంది. రీడ్లు మాత్రం ఒకటి తప్ప అన్నీ ఉన్నాయి, బాగున్నాయి. నాలుగు గంటలు పట్టింది తీసి, తుడిచి, పెట్టడానికి. ఆల్టో అక్క నంబర్లు రాశారు, పిల్లలు బ్రష్ పట్టారు.

తమాషా ఏంటంటే, ఒక గుండీ లాగితే లోపల అట్టతో చేసిన చిన్న ఫ్యాను గాలికి తిరుగుతుంది. దాంతో స్వరం వణుకుతుంది. "మనిషి గొంతు" అని దాని పేరు లాటిన్‌లో రాసి ఉంది. మోకాళ్లతో పక్కకి తోసే చెక్కలు రెండున్నాయి, శబ్దం పెంచడానికట. నేను అవి విరిగిపోయి వేలాడుతున్నాయనుకున్నాను.

గుడ్డ, తోలు తెనాలి తీసుకెళ్లి కొత్తవి చేసి తెస్తామన్నారు. ఖర్చు అన్నీ కలిపి 6,200 అవుతుందన్నారు. మా కమిటీలో ఒకాయన అక్కడికక్కడే 1,000 తీసి ఇచ్చారు. రసీదు అడిగారు.

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
సెప్టెంబర్ 14, రాత్రి 10:44

ఎలుకలంటే గుర్తొచ్చింది. సైలెంట్ నైట్ పాట కూడా ఎలుకలు ఆర్గన్ తిత్తి కొరికేయడం వల్లే గిటార్‌తో పాడారట కదా? మా అయ్యగారు ప్రతి క్రిస్మస్‌కీ చెప్తారు.

ఆల్టో_అక్క
సెప్టెంబర్ 15, ఉదయం 6:05

1818 క్రిస్మస్ ముందు రాత్రి, ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటార్‌తో మొదటిసారి పాడింది నిజం. ఎలుకలు తర్వాత జనం చేర్చుకున్నవి. అయ్యగారికి చెప్పకు, ఆయన ప్రసంగం పాడవుతుంది.

తొక్కుడుపెట్టె
అక్టోబర్ 19, రాత్రి 9:15

గుడ్డ మారింది, ఆర్గన్ పలుకుతోంది. కానీ కొత్త తలనొప్పి. క్వయర్‌కి కీబోర్డుతో కలిపి వాయిద్దామని చూస్తే రెండూ కలవట్లేదు. అరస్వరం కాదు, అంతకన్నా తక్కువ తేడా. చెవిలో దూది పెట్టుకోవాలనిపిస్తోంది.

డాలస్_బెంచి
అక్టోబర్ 19, రాత్రి 11:55

ఆర్గన్ తప్పు కాదు. అది పుట్టినప్పుడు శ్రుతికి 440 అనే కొలత అందరూ ఒప్పుకున్నది కాదు, ఎవరి శ్రుతి వాళ్లది. రీడ్లు గీకించవద్దు. కీబోర్డులో ట్యూనింగ్ అని మెనూ ఉంటుంది, ట్రాన్స్‌పోజ్ కాదు, దాని పక్కనే. ఒక్కో అంకె మారుస్తూ ఆర్గన్‌కి కలుపు. చిన్నది వంగాలి, పెద్దావిడ వంగదు.

ట్రాన్స్‌పోజ్_తమ్ముడు
అక్టోబర్ 20, ఉదయం 7:20

చూశారా, చివరికి కీబోర్డే సర్దుకుపోవాలి.

తొక్కుడుపెట్టె
నవంబర్ 3, సాయంత్రం 6:00

నిన్న ఆదివారం ఆరాధనలో వాయించాను. మొదటి పాట, కానుకల పాట ఆర్గన్ మీద, మిగతావి కీబోర్డు మీద. కరెంటు పోతే బాగుండు, దీని గొప్ప తెలిసేది అని లోపల ఆశపడ్డాను. పోలేదు. ఎప్పుడూ పోయేది, నిన్న మాత్రం కదల్లేదు.

కానుకల పాట అయ్యాక అందరూ తలలు వంచి మౌన ప్రార్థనలో ఉన్నారు. ఒక మెట్టు కిందే ఇరుక్కుపోయింది. "గూఁ..." అని మోగుతూనే ఉంది. నేను తొక్కడం ఆపినా తిత్తిలో మిగిలిన పీల్పు ఉందిగా, సన్నగా తగ్గుతూ ఇంకో పది సెకన్లు. గుండీలు తోసేద్దామంటే కంగారులో ఆ ఫ్యాను గుండీ లాగాను. వణుకుతూ మోగింది. సన్‌డే స్కూల్ వరస మొత్తం భుజాలు అదురుతున్నాయి. అయ్యగారు మాత్రం కళ్లు తెరవలేదు. తర్వాత అడిగితే "సమూయేలు విన్న పిలుపు ఎలా ఉండేదో తెలిసింది" అన్నారు.

కమిటీ ఆర్గన్‌ని వెనక గదికి పంపలేదు. ముందే ఉంచింది, కుడివైపు. పైన పూలకుండీ పెట్టారు. నేను తీశాను. మళ్లీ పెట్టారు.

మేస్త్రి_కొడుకు
నవంబర్ 3, సాయంత్రం 6:30

మెట్టు కింద ఫెల్టు వానకి ఉబ్బి ఉంటుంది. కుండీకి నీళ్లు పోస్తున్నారా?

తొక్కుడుపెట్టె
నవంబర్ 3, సాయంత్రం 6:31

పోస్తున్నారు.

మేస్త్రి_కొడుకు
నవంబర్ 3, సాయంత్రం 6:33

నాన్నకి ఇది కూడా చెప్పను. లేని ఆ ఒక్క రీడ్ మాత్రం పాత పెట్టెల్లో వెతికితే దొరికింది, గూటికి సరిపడేలా సానపట్టి ఇస్తామన్నారు.

కోశాధికారి_గోడు
నవంబర్ 4, ఉదయం 9:10

మా చర్చి మెట్ల కింద కూడా ఒకటి ఉందని నిన్న వాచ్‌మన్ చెప్పాడు. నేను చూడలేదు. దాని మీద సిమెంటు బస్తాలున్నాయి. రెండో శనివారం మీరెక్కడ కలుస్తున్నారు?

ఆల్టో_అక్క
నవంబర్ 4, ఉదయం 9:25

మీ దగ్గరే. బస్తాలు తీయించి ఉంచండి. టీ మీది.